కోడిపిల్లకు మేత నేర్పిన రోజులు

వార్షికోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమంటే చాలామంది పట్టుదల గురించో, లక్ష్యం గురించో రాస్తారు. మేము ఒక కోడిపిల్ల గురించి రాస్తున్నాం. నవ్వకండి.

కలం పట్టింది ఒక్కరే అయినా ఇది ఆరో నంబర్ గదిలో ఉన్న ముగ్గురి మాట. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇప్పుడు ముగ్గురం పీజీలో ఉన్నాం.

అది 2016 జూన్. హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చిన మరుసటేడు. మేము ఎనిమిదో తరగతి. వంటగది వెనక కట్టెల చాటున వాచ్‌మన్ తాత కోడి గంపలో పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. ఇరవై ఒకటో రోజుకు పిల్లలవుతాయని తాత గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేవాడు. ఇరవయ్యో రాత్రి వాన. ఆ వానలోనే కుక్కలు కోడిని ఎత్తుకుపోయాయి. తెల్లారి చూస్తే గుడ్లు చల్లబడ్డాయి. రెండింటికి మాత్రం బీటలు పడి ఉన్నాయి. వంట పెద్దమ్మ వాటిని పాత చీర పేలికలో చుట్టి, పొయ్యి సెగ తగిలీ తగలనట్టు పెట్టింది. సాయంత్రానికి ఒక పిల్ల బయటికొచ్చింది. రెండోది పెంకులోనే ఆగిపోయింది.

ఆ వారమే మా గదికి మూడో తరగతి పిల్లవాడు ఒకడు వచ్చాడు. రెండు రోజులైనా సరిగ్గా అన్నం ముట్టలేదు. నూట ఇరవై మంది వరసలో కంచం పట్టుకుని నిలబడి, కూర్చున్నాక మెతుకులు కెలికి లేచిపోయేవాడు. మేమూ పెద్దరికం చూపించాం. "తినకపోతే వార్డెన్ సార్ ఇంటికి పంపిస్తడు" అని బెదిరించాం. వాడికి కావలసింది అదేనని మాకు తట్టలేదు. ఆ పూట నీళ్లు కూడా తాగలేదు.

ఇటు కోడిపిల్లా అంతే. తెల్లారినా ఏమీ తినలేదు. చచ్చిపోతుందని భయపడి మేము దాని ముక్కు తెరిచి అన్నం మెతుకు కుక్కాం. అది మెడ సాచి గింజుకుంది. పెద్దమ్మ చూసి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ అచ్చు వేయలేం. "నోట్లె కుక్కితె పొలమారి సస్తది! దాని కడుపుల సొన ఉన్నది. రెండు దినాలు ఆగుతది. మీకే తొందర."

పెద్దమ్మ బడికి వెళ్లలేదు. కానీ ఆమె చెప్పింది నిజమని మాలో జువాలజీ చదివినవాడికి డిగ్రీలో తెలిసింది. గుడ్డులోంచి రాకముందే పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. దాంతో రెండు మూడు రోజులు గడుస్తుంది. హేచరీల నుంచి ఒకరోజు పిల్లలను పెట్టెల్లో దూరాలకు పంపగలిగేది అందుకే.

తర్వాత ఆమె పాత పేపరు పరిచి గుప్పెడు నూకలు చల్లింది. సీసా మూతలో నీళ్లు పోసి, పిల్ల మునగకుండా చిన్న రాళ్లు వేసింది. దాని ముక్కు కొసను ఒక్కసారి నీటికి తాకించింది. అది తల పైకెత్తి మింగింది. "నీళ్లు నేర్సింది" అంది. ఆ తర్వాత వేలి గోటితో నూకల మధ్య టక్ టక్ మని కొట్టడం మొదలుపెట్టింది. తల్లికోడి చేసేది ఇదే. గింజ కనబడితే పిల్లలను పిలిచి, ముక్కుతో ఎత్తి కింద వేసి, మళ్లీ పొడిచి చూపిస్తుంది. పొడవడం పిల్లకు పుట్టుకతోనే వస్తుంది. ఏది పొడవాలో మాత్రం తెలియదు. మా పిల్ల ముందు పేపరు మీది అక్షరాలను పొడిచింది. తన కాలివేళ్లను పొడిచింది. పెద్దమ్మ గోరును పొడిచింది. చాలాసేపటికి ఒక నూక దొరికింది.

పెద్దమ్మకు పొయ్యి మీద పప్పు ఉంది. "నువ్వు కొట్టు బిడ్డా" అని గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆ చిన్నోడిని కూర్చోబెట్టింది. వాడు కొట్టాడు. పిల్ల వచ్చింది. వాడి ముఖం మేము మొదటిసారి సరిగ్గా చూశాం. మధ్యాహ్నం పెద్దమ్మ వాడి కంచం అక్కడికే తెచ్చి పెట్టింది. తినమని అనలేదు. తానూ కంచం పట్టుకుని పక్కన కూర్చుని తినసాగింది. వాడు ఎడమచేత్తో టక్ టక్ మనిపిస్తూ, కుడిచేత్తో అన్నం కలిపాడు. మేము చప్పుడు చేయకుండా బయటికి వచ్చాం.

ఆదివారం వాడి అమ్మ వచ్చింది. కూలి పోగొట్టుకుని, కొడుకును తీసుకుపోదామనే వచ్చింది. పెట్టె కూడా సర్దింది. వాడు ఆమెను చెయ్యి పట్టుకుని వంటగది వెనక్కి తీసుకెళ్లి, చెదలు వేస్తే పిల్ల ఎట్లా ఉరుకుతుందో చూపించాడు. ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది. సాయంత్రం బస్సుకు ఒక్కతే వెళ్లింది. వాడు పదో తరగతి దాకా ఇక్కడే చదివి, ఇంటర్‌కు కాలేజీ హాస్టల్‌కు వెళ్లాడు.

ఇక కోడిపిల్ల పుంజు అయింది. స్టడీ అవర్ గంటకన్నా ముందే కూసి మా చేత తిట్లు తిన్నది. దసరా సెలవుల తర్వాత వచ్చేసరికి లేదు. ఏమైందని తాతను ఎవరమూ అడగలేదు.

మా అమ్మానాన్నలకు దోస్త్ అంటే ఏమిటో, పీజీ ఎంట్రన్స్ ఫారం ఎక్కడ నింపాలో తెలియదు. వాళ్ల తప్పు లేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో ఈ హాస్టల్ అన్న ఒకాయన పక్కన కూర్చుని తన ఫారం నింపుతూ మాకు చూపించాడు. అప్పుడు మాకు పెద్దమ్మ గోటి చప్పుడే గుర్తొచ్చింది.

తమ్ముళ్లూ, ప్రతి జూన్‌లో మీ గదికి కొత్త పిల్లలు వస్తారు. మొదటి వారం సరిగ్గా తినరు. మాలా బెదిరించకండి. కంచం తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చుని, మీ అన్నం మీరు తినండి. వాళ్లే కలుపుకుంటారు.

- ఆరో నంబర్ గది, పాత విద్యార్థులు