తెల్లబోయిన మూడో ప్లగ్గు

బండి స్టార్టు కాకపోతే అందరి చేయీ ముందు స్పార్క్ ప్లగ్గు మీదికే పోతుంది. విప్పడం, ఎమ్రీ కాగితంతో రుద్దడం, ఉఫ్‌మని ఊది మళ్లీ బిగించడం... స్కూటరున్న ఇళ్లలో ఒకప్పుడు ఇదో ఆదివారం తంతు. ఇంత చేసినవాళ్లలో ఆ ప్లగ్గు ఒంటి మీద రాసున్న అక్షరాలేమిటో, అంకెలేమిటో చూసినవాళ్లు మాత్రం తక్కువ.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు బుల్లెట్లూ లాంబ్రెట్టాలూ విప్పి బిగించినవాణ్ని కాబట్టి నాకు ఆ అంకెలతోనే పని. రిటైరయ్యాక ఆ గొడవ వదిలిందనుకుంటే, కాలిఫోర్నియాలో ఉన్న మావాడు 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొన్నాడు. ఇంజను వెనకాల, రేడియేటరే లేదు. ఫ్యాను విసిరే గాలే దిక్కు. కంపెనీ ఇచ్చింది 1493 సీసీ. అంతకుముందు ఓనరు పెద్ద సిలిండర్లూ పిస్టన్లూ వేయించి దాన్ని 1776 చేశాడు. కార్బురేటర్ ఒకటున్నచోట రెండు పెట్టించాడు. కంప్రెషన్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నరకి పెంచాడు.

‘‘ప్లగ్గులు మార్చాలి నాన్నా. ఇంజను మార్చిందే కదా, బాగా కోల్డ్ ప్లగ్గులు వేసేయమంటున్నారు ఇక్కడ’’ అన్నాడు ఫోన్లో.

ఈ ‘కోల్డ్’ అన్న మాట చాలామందిని మోసం చేస్తుంది. కోల్డ్ ప్లగ్గు వేస్తే ఇంజను చల్లబడదు. చల్లగా ఉండేది ప్లగ్గు కొస మాత్రమే. లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి చప్పున హెడ్డులోకి దిగిపోతుంది... బస్సులో తలుపు పక్కన నిలబడ్డవాడు ముందు దిగిపోయినట్టు. అది కోల్డ్ ప్లగ్గు. ముక్కు పొడుగ్గా ఉంటే వేడి వెనక సీటువాడిలా నింపాదిగా దిగుతుంది. అది హాట్ ప్లగ్గు. ఆ కొస సుమారు 450 డిగ్రీలకు పైన ఉంటేనే మసి తనంతట తాను కాలిపోతుంది. 850 దాటితే నిప్పుకణికలా మారి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటించేస్తుంది. అప్పుడు పిస్టన్‌కి చిల్లు పడటానికి ఎంతోసేపు పట్టదు. ఈ రెంటి మధ్యే మన బేరమంతా.

దీనికి తోడు అంకెల తిరకాసొకటి. ఎన్‌జీకే వాళ్ల ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ కోల్డ్. బాష్ వాళ్లది సరిగ్గా తలకిందులు, అంకె తగ్గేకొద్దీ కోల్డ్. ఎవరు పెట్టారో గానీ, ఈ లెక్క తెలియక ఒక కంపెనీ బదులు ఇంకో కంపెనీది కొంటే కథ అడ్డం తిరుగుతుంది. అసలు వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మర పొడవు. బీటిల్ పాత హెడ్డుకి 12.7 మిల్లీమీటర్ల మర చాలు. మార్చిన హెడ్లు కొన్నిటికి 19 కావాలి. పొట్టి మర హెడ్డులో పొడుగు ప్లగ్గు దూరిస్తే పిస్టన్‌కి తగిలే ప్రమాదముంది. మావాడు కొలిచి చూస్తే పాత కొలతే.

ఉన్న నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండరుదో రాసి, ఫొటోలు పంపమన్నాను. కొత్తవి కొనేముందు పాతవాటి మొహం చూడకపోతే నాకు తోచదు. సీసం లేని పెట్రోలు వచ్చాక రంగులు మునుపంత స్పష్టంగా తెలియడం లేదు గానీ, బొత్తిగా తెలియకుండా ఏమీ పోలేదు. ఒకటి, రెండు, నాలుగు చక్కగా బిస్కెట్ రంగులో ఉన్నాయి. మూడోది సున్నం కొట్టినట్టు తెల్లగా, పింగాణీ మీద మిలమిల మెరిసే చిన్న చుక్కలతో ఉంది. అవి పిస్టన్ తాలూకు అల్యూమినియం. చూడగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఆ వారాంతం వాళ్లు లాస్ ఏంజెలెస్ బయల్దేరుతున్నారు. మధ్యలో గ్రేప్‌వైన్ ఘాట్, నాలుగు వేల అడుగులు ఎక్కాలి, ఎండాకాలం. వెనక సీట్లో నా మనవరాలు.

బీటిల్ మూడో సిలిండర్‌కి పుట్టుకతోనే ఓ కష్టముంది. పాత మోడళ్లలో ఆయిల్ కూలర్ సరిగ్గా దాని గాలికి అడ్డం. కంపెనీకీ ఆ సంగతి తెలుసు. ఆ ఒక్క సిలిండర్‌కీ స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటర్లు చేసింది. 1971 మోడళ్లలో కూలర్‌నే పక్కకి జరిపింది. అయినా, వేడి ఒక్కటే అయితే మిగతా మూడూ అంత బాగుండి, ఇదొక్కటే ఇంతలా తెల్లబోవడం నాకు నచ్చలేదు. ఎక్కడో గాలి పీలుస్తోంది.

‘‘కోల్డ్ ప్లగ్గు వేస్తే తెలుపు తగ్గుతుందిగా?’’ అన్నాడు.

‘‘తగ్గుతుంది. పిస్టన్ మాత్రం కాలుతూనే ఉంటుంది. ఇప్పుడు చెబుతున్నవాడి నోరు కూడా మూసేసినట్టవుతుంది’’ అన్నాను.

ఇంజను ఐడిల్‌లో పెట్టి అతుకుల మీద నీళ్లు చిలకరించమన్నాను. దీనికి పెట్రోలు వాడేవాళ్లున్నారు, వేడి ఇంజను మీద ఆ పని చేయొద్దు. మూడో సిలిండర్‌కి వెళ్లే గొట్టం హెడ్డుకి కలిసేచోట నీళ్లు పడగానే ఇంజను చప్పుడు మారింది. గ్యాస్‌కెట్ నలిగి ఉంది. అక్కడి పెట్రోలులో పది శాతం ఇథనాల్, అసలే మిశ్రమం కాస్త పల్చన. దానికి ఈ గాలీ తోడయింది.

గ్యాస్‌కెట్ కొత్తది పడింది. జెట్లు ఒక సైజు పెంచాడు. ప్లగ్గుల సంగతికొస్తే, ఆ కంప్రెషన్‌కి ఒక్క మెట్టు కోల్డ్ చాలన్నాను. మామూలు ఇంజనుకు ఎన్‌జీకేలో బీ5హెచ్‌ఎస్ సరిపోయేది, దీనికి బీ6హెచ్‌ఎస్. వాళ్లు చెప్పిన ఎనిమిదో నంబరు రేసులకి బావుంటుందేమో. రోజూ ఆఫీసుకి ఆగుతూ సాగుతూ వెళ్లే కారులో నెల తిరక్కుండా మసిపట్టి కూర్చుంటుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పి, ఆ తర్వాతే పానా పట్టమన్నాను. అల్యూమినియం హెడ్డు, మర పోతే ప్లగ్గు ఖరీదుతో పోదు.

ప్రయాణం రెండు వారాలు వాయిదా పడిందని కోడలు కాస్త విసుక్కుంది. ఘాట్ ఎక్కి దిగి వచ్చాక మళ్లీ నాలుగూ విప్పి చూశాడు. మూడోది మిగతావాటికంటే ఓ ఛాయ తక్కువే గానీ, గోధుమరంగు పట్టింది. చుక్కల్లేవు.

ఇప్పుడేమో 94 మిల్లీమీటర్ల సిలిండర్లు వేసి 1915 సీసీ చేద్దామంటున్నాడు. ముందు ఆ కూలర్ సంగతి చూడమన్నాను.