ఊట ఎవరిది?

మా కొండల్లో ఊటకు యజమాని లేడు. గెడ్డలో చేప పట్టడానికి మేం ఎవరినీ అడగం. అందుకే శివనాథ్ నది కథ మమ్మల్ని కలవరపెడుతుంది. అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ దగ్గర, ఒక పారిశ్రామికవాడకు నీళ్లిచ్చేందుకని 1998లో సుమారు 23 కిలోమీటర్ల నదిని ఒక ప్రైవేటు కంపెనీకి 22 ఏళ్లకు అప్పజెప్పారు. వాడినా వాడకపోయినా రోజుకు 40 లక్షల లీటర్లకు సర్కారు సంస్థ డబ్బు కట్టాల్సి ఉండేది. ఒడ్డున ఊళ్లవాళ్ల చేపల వేటకు అడ్డుపడ్డారు.

కుళాయి మాకూ కావాలి. బిందెలు మోసేది మా ఆడవాళ్లే. పైపు ఎవరు వేసినా సరే. కానీ ఎన్నేళ్లకు, ఎంత ధరకు, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నది మా భాషలో, గ్రామసభలో తేలాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలదేనని 1996 పెసా చట్టం చెబుతోంది. మాస్టార్లూ, ఈ మాట పిల్లలకు బడిలోనే చెప్పండి.