పావలా పాట

హోటల్లో పాటల పెట్టె అంటే చాలామందికి కుర్రతనం గుర్తుకొస్తుంది. హైదరాబాదు, సికిందరాబాదు ఇరానీ హోటళ్ళలో జూక్‌బాక్సులుండేవి. పావలా బిళ్ళ వేసి మీట నొక్కితే కోరిన రికార్డు లేచి తిరిగేది. ఆ చాయ్, ఆ ఉస్మానియా బిస్కెట్టు, ఆ రఫీ గొంతు అని తల్చుకొని నిట్టూర్చేవాళ్ళు యిప్పటికీ వున్నారు. నాకూ ఆ పెట్టె మీద మురిపెం వుంది. కాకపోతే నా మురిపెం సికిందరాబాదులో మొదలు కాలేదు. కనిగిరిలో, టీ హోటలు బయట, మట్టిలో గొంతుక్కూర్చున్న చోట మొదలైంది.

మాది కనిగిరికి నాలుగు మైళ్ళలో మాదిగపల్లె. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మేం నెల్లూరు జిల్లా వాళ్ళం. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ మాకు నీళ్ళు మారలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినోళ్ళు, కీళ్ళు బిగుసుకుపోయినోళ్ళు మా యింటింటా వున్నారు. వాన పడితే కంది, సజ్జ. పడకపోతే వలస. చెప్పులు కుట్టడం, డప్పు కొట్టడం, రెడ్ల చేలల్లో పాలేరుతనం. మా నాయన ఈ మూడూ చేశాడు.

సంతరోజు కనిగిరి పోతే టీ తాగడం మాకు పండగ. హోటల్లో బల్లలుండేవి, బల్లల మీద ఊరోళ్ళుండేవాళ్ళు. మా గ్లాసులు బయట చూరులో దోపి వుండేవి. తీసుకొని కడుక్కొని పట్టుకుంటే పైనించి టీ పోసేవాడు. తాగినాక మళ్ళీ మేమే కడిగి చూరులో పెట్టాల. డబ్బులు చేతికియ్యకూడదు. అరుగు మీద పెడితే, ఆ బిళ్ళ మీద నాలుగు నీటిచుక్కలు చల్లి తీసుకొనేవాడు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం ఢిల్లీ నుంచి బయల్దేరి మా హోటలు చూరుకాడికి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ముందు చెబుతా.

ఆ హోటల్లో రేడియో వుండేది. 1957లో వివిధభారతి మొదలైనాక హోటళ్ళకి రేడియో వొక ఆకర్షణ. పాట వింటూ యింకో టీ తాగుతారని హోటలాయన లెక్క. పాట మాక్కూడా వినపడేది. గాలికి అంటు లేదు గదా! మా నాయన ఖాళీ గ్లాసు పట్టుకొనే కూర్చొని పాట అయిందాకా కదిలేవాడు కాదు. డప్పు కొట్టే చెయ్యి కదా, మోకాలి మీద వేళ్ళు ఆడేవి. సరిగ్గా అప్పుడే లోపల బల్లమీది ఆసామి, "ఏందయ్యా ఆ గోల, స్టేషను మార్చు" అనేవాడు. పాట మధ్యలో తెగేది. మా నాయన గ్లాసు కడిగి చూరులో పెట్టి లేచేవాడు.

వినడానికి మాకు అడ్డం లేదు. "ఆ పాట వుంచు సామీ" అనడానికే లేదు. డబ్బులిచ్చి టీ తాగినోడికి కూడా లేదు. చిన్నప్పుడు నాకిది అర్థం కాలేదు. సికిందరాబాదు పోయినాకే అర్థమైంది.

1976లో మా చిన్నాయన వెంట పట్నం పోయాను. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మేస్త్రీ కింద సిమెంటు మోసే పని. వారానికొకసారి కూలి డబ్బులు చేతికొచ్చినాక స్టేషను దగ్గర వొక ఇరానీ హోటలుకి పోయేవాళ్ళం. మొదటిసారి నేను గుమ్మం బయటే ఆగాను. చిన్నాయన వెనక్కి తిరిగి, "రారా అబ్బయ్యా, యీడ చూరు లేదు" అన్నాడు. కుర్చీలో కూర్చున్నాం. పింగాణీ కప్పు, సాసరు. అందరికీ అవే. తాగినాక కప్పు తీసుకుపోయింది హోటలు పిల్లోడు. నేను కడగడానికి లేవబోతే చిన్నాయన నా మోకాలి మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

గోడవారన పెట్టె వుంది. అద్దం వెనక రికార్డులు వరసగా నిలబడి వున్నాయి. అద్దం కింద చీటీలు, వొక్కో చీటీకి వొక అక్షరం, వొక అంకె. చిన్నాయనకి చదువు రాదు. నన్ను తీసుకుపోయి నిలబెట్టి, "నువ్వు చదువు, నేను వేస్తా" అన్నాడు. కూడబలుక్కుంటా సినిమా పేర్లు చదివాను. 'బాబీ' వుంది, 'షోలే' వుంది. ఆయనకి హిందీ ముక్క రాదు గానీ రఫీ అంటే ప్రాణం. రఫీ పేరు కనపడగానే పావలా వేశాడు. లోపల వొక చెయ్యి లాంటిది జరిగిపోయి రికార్డుని పట్టి తెచ్చి పెట్టింది. ఆ బిళ్ళ మీద ఎవరూ నీళ్ళు చల్లలేదు.

ఒక్క పాట మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో. ఆ కాసేపు హోటలంతా మా చిన్నాయన కోరిన పాటే వినాలి. సూటు వేసుకున్నోడూ వినాలి, పేపరు చదివేవోడూ వినాలి. మార్చమంటే మారదు. నచ్చకపోతే తన పావలా వేసి వరసలో ఆగాలి. మా వంశంలో నాలుగు మందిలో యిదీ నా పాట అని మోగించిన మొదటి మనిషి మా చిన్నాయనే అనుకుంటా. మా వాళ్ళు తరతరాలుగా డప్పు కొట్టారు గానీ వాళ్ళు కొట్టమన్నప్పుడు కొట్టారు, ఆపమన్నప్పుడు ఆపారు. పెళ్ళికీ, చావుకీ, జాతరకీ, దండోరాకీ అంతే.

పట్నంలో కులం లేదని నేను చెప్పను. అద్దె గదికి పోతే "మీరేవుట్లు?" అని అడిగిందీ ఆ పట్నమే. ఆ పెట్టె మాత్రం అడగలేదు. నా మురిపెం అంతవరకే.

తర్వాత చదువుకున్నాక ఆ పెట్టె కథ తెలిసింది. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో వొక సారా అంగడిలో లూయీ గ్లాస్ అనే ఆయన నాణెం వేస్తే పాడే ఫోనోగ్రాఫు పెట్టాడు. అప్పట్లో దానికి గొట్టాలుండేవి. చెవికి గొట్టం పెట్టుకున్నోడికే పాట. ఆ పెట్టె అందరికీ వినపడేట్టు మోగింది 1920ల చివర, కరెంటు యాంప్లిఫయర్లు వచ్చినాక. ఇక 'జూక్' అన్న మాట నల్లవాళ్ళదే. జార్జియా, దక్షిణ కరొలైనా తీరాల్లోని గల్లా ప్రజల భాష నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. తెల్లవాళ్ళ బార్లలోకి రానీయకపోతే, పత్తిచేలల్లో పనిచేసే నల్లజాతి కౌలురైతులు, కూలీలు ఊరి చివర పాకలు వేసుకొని తాగి, పాడి, ఆడారు. వాటిని జూక్‌లన్నారు. అమెరికా సంగీతానికి అంతకంటే ముఖ్యమైన చోటు లేదని నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1934లోనే రాసింది. ఊరి చివర పాక అంటే మాకు వేరే చెప్పాలా? 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

అయితే వాళ్ళ పెట్టెకీ మా పెట్టెకీ వొక తేడా వుంది. రేడియోలు నల్లవాళ్ళ పాటని పట్టించుకోని రోజుల్లో జూక్‌లలోని పెట్టెల్లో బ్లూస్ రికార్డులు పెట్టారు. అక్కడ నాణెం వేసేది నల్లవాళ్ళు కాబట్టి పెట్టాల్సొచ్చింది. మా సికిందరాబాదు పెట్టెలో మా పాట లేదు. వొకరోజు చిన్నాయన చీటీలన్నీ నాతో చదివించి, "మన పాట యేదన్నా వుందేమో చూడ్రా" అన్నాడు. తెలుగు పాట అనుకొని వెతికాను. ఆయన అడిగింది అది కాదు. మా పల్లెలో చావుకాడ రాత్రంతా పాడే పాట, డప్పు దరువు మీద పాడే పాట. అవి రికార్డు కాలేదు. కావాలంటే కలకత్తా దమ్‌దమ్‌లోని గ్రామఫోను కంపెనీ లాంటి ఫ్యాక్టరీ కావాలి, స్టూడియో కావాలి, పెట్టుబడి కావాలి. ఎంచుకునే హక్కు పావలాకి దొరికింది. పెట్టె నింపే హక్కు దొరకలేదు.

1932 పూనా ఒప్పందం గురించి చదివినప్పుడు నాకు ఆ పెట్టే గుర్తుకొచ్చింది. సీటు మనది. నిలబడే మనిషి మనవాడు. గెలిపించేది మాత్రం అందరి ఓట్లు. అంబేడ్కర్ ప్రత్యేక నియోజకవర్గాలు ఎందుకడిగాడో చిన్నాయన మాటతోనే నాకు బోధపడింది.

ఇంకో సంగతి కూడా చెప్పాల. హోటల్లో పాట, బార్లో పాట అని మురిసేది మగోళ్ళమే. మాయమ్మ జన్మలో హోటలు కుర్చీలో కూర్చోలేదు. ఆ పెట్టె గురించి నేను గొప్పగా చెబితే ఆమె కంది పుల్లలు యిరుస్తా, "మీ మొగోళ్ళకి పాట కావాల్సొస్తే సారాకొట్టుకి పోతారు. మాకు పాట రావాలంటే నడుము వంచాల" అంది. కలుపు తీసేటప్పుడు పాడే పాటలు ఆమెకి వందల్లో వచ్చు. సారాకొట్టు పాట ఆమెకి కూలిడబ్బుల ఏడుపు. 1980ల్లో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో ప్యాకెట్లలో సారా పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు లేచినాక అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో మద్యం నిషేధం వచ్చాయి. 1997లో మద్యం మళ్ళీ తెరిచారు. పాత బార్ల పాటలు తల్చుకొనేవాళ్ళు ఆ పాట ఖర్చు ఏ యింటి గంజిలోంచి పోయిందో కూడా తల్చుకోవాల.

మా పెట్టె నిండింది క్యాసెట్లు వచ్చినాకే. చిన్నాయన సెకండుహ్యాండు టేపురికార్డరు కొని పల్లెకి తెచ్చాడు. దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఖాళీ క్యాసెట్టు వేసి ఎర్రమీట నొక్కితే ఎవరి గొంతైనా పడుతుంది. మొదట పట్టింది మాయమ్మ గొంతు. తన పాట తిరిగి వినపడితే ఆమె కొంగు నోట్లో పెట్టుకొని నవ్వింది. తర్వాత 1985 జులై 17. మా జిల్లాలోనే కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువుకాడ మొదలైన గొడవ అది. దళిత మహాసభ పుట్టింది. గద్దర్ కారంచేడు మీద పాట కట్టాడు. సభలకాడ క్యాసెట్లు అమ్మేవాళ్ళు. వొక క్యాసెట్టు కొంటే పది పల్లెలకి కాపీలు పోయేవి.

ఆ రోజుల్లోనే మా పల్లె కుర్రోళ్ళు ఏడుగురు టేపురికార్డరు తీసుకొని ఆ చూరు హోటలుకి పోయారు. లోపలికి పోయి బల్ల మీద కూర్చున్నారు. టేపు బల్ల మీద పెట్టి మీట నొక్కారు. హోటలాయన "ఆపండ్రా" అన్నాడు. "టీ తాగిందాకా ఆపం" అన్నారు. ఆ వారం మాకు కూలిపనులు ఆగిపోయాయి, రెండిళ్ళకి పాలు ఆగిపోయాయి. సంఘం వాళ్ళు వచ్చారు, పోలీసుస్టేషను, పంచాయితీ. నాలుగు నెలలు పట్టింది, చూరులో గ్లాసులు పోవడానికి. 1955 చట్టం మా దగ్గరికి ముప్ఫై ఏళ్ళకి అట్లా చేరింది. చేర్చింది చట్టం కాదు. ఆ ఏడుగురు.

ఇప్పుడు ఆ హోటల్లో అందరికీ కాయితం కప్పులే. కొత్తగా వచ్చిన పిల్లలు అది సమానత్వం అనుకుంటారు. తాగి పారేసే కప్పయితే ఎవరి ఎంగిలి ఎవరూ కడగక్కర్లేదు, అందుకని కూడా కొన్నిచోట్ల వచ్చింది. పావలా బిళ్ళ చెల్లుబాటు 2011 జూన్ 30తో ఆగిపోయింది. ఇరానీ హోటళ్ళు తగ్గిపోయాయి. చిన్నాయన చనిపోయాడు. పాట ఫోన్లోకొచ్చింది. 1889 నాటి గొట్టం లాగా ఎవరి చెవిలో వాళ్ళు పెట్టుకొని వింటున్నాం. చెవిలో వింటే ఎవరికీ బాధ లేదు. ఏప్రిల్ 14న ట్రాక్టరు మీద బాక్సులు పెట్టి అంబేడ్కర్ పాట వేసి ఊరి వీధిలో పోతేనే, మా పెళ్ళి ఊరేగింపు వాళ్ళ వాకిళ్ళ ముందుగా పోతేనే, "ఆ పాట ఆపండి" అంటారు. మా నాయన విన్న "స్టేషను మార్చు"కీ దీనికీ తేడా యేముంది? నాలుగు మంది నడిచే చోట యే పాట మోగాలో చెప్పేది ఎవరు అన్నదే అప్పుడూ యిప్పుడూ తగువు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా మాట వొకటే. మీ చేతిలో ఫోనుంది. మీ పల్లెలో కలుపుపాటలు, చావుపాటలు వచ్చిన ముసలమ్మలు యింకా కొందరున్నారు. కూర్చోబెట్టి పాడించండి. ఎవరు పాడారో, యే పల్లెనో, యే పని చేస్తా పాడే పాటో కూడా చెప్పించి పెట్టండి. మాయమ్మ పాటలు తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు మా యింట్లో వున్నాయి. వొకదానికి బూజు పట్టింది. రెండోది యింకా మోగుతోంది. అది ఎక్కించుకోవడానికి వస్తానంటే, కనిగిరి బస్టాండు నుంచి నేనే తీసుకుపోతా.