గాలిపటాలకు పైన

ఉత్తరాయణ్ వచ్చిందంటే సూరత్‌లో అందరి చూపూ ఆకాశం మీదే. 2022 జనవరి 15న, వాసీ ఉత్తరాయణ్ నాటి ఉదయం, మేమంతా డాబాల మీద ఉండగా, ఇక్కడికి సుమారు 13,000 కిలోమీటర్ల దూరాన, టోంగా దీవుల్లో హుంగా అగ్నిపర్వతం బద్దలైంది. దాని పీడన తరంగం సెకనుకు 300 మీటర్లకు మించిన వేగంతో భూగోళాన్ని పలుమార్లు చుట్టింది. లెక్క వేసి చూసుకున్నాను: ఆ రాత్రి తొమ్మిది దాటాక మన తలల మీదుగా సాగి ఉండాలి. నేలపై అది భారమితికి మాత్రమే అందే స్వల్ప స్పందన. తుక్కల్ దీపం కట్టిన గాలిపటమైనా దానికి చలించదు.

పైన సంగతి వేరు. గాలి పలచబడిన కొద్దీ తరంగపు ఊపు పెరుగుతుంది. విస్ఫోటనం తరువాతి గంటల్లో, వంద కిలోమీటర్లకు పైనున్న ఐనో ఆవరణంలో గాలులు గంటకు 700 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నట్లు నాసా వారి ఐకాన్ ఉపగ్రహం కొలిచింది. ఆ గాలులు విద్యుదావేశ కణాలను ఈడ్చుకుపోగా, అయస్కాంత మధ్యరేఖ వెంబడి సాగే విద్యుత్ప్రవాహం కొంతసేపు దిశనే మార్చుకున్నది.

"అయితే మనకేమిటి నాన్నగారూ?" అన్నది మా అమ్మాయి. న్యాయమైన ప్రశ్నే. ఉపగ్రహ సంకేతాలు ఆ పొరను దాటే నేలకు చేరాలి. అక్కడ ఎలక్ట్రానుల సాంద్రత మారితే సంకేతపు ఆలస్యం మారి, జి.పి.ఎస్. చూపే స్థానం తప్పుతుంది. గుజరాత్ ఆకాశంలో మామూలు రోజుల్లోనే ఆ సాంద్రత అధికం. పైపులైను సర్వేకు వెళ్ళే మన కుర్రవాళ్ళు, హజీరా రేవుకు వచ్చే నావికులు నమ్ముకున్నది ఆ సంకేతాలనే.