తీగ మాట వినిపించే పరికరం

హామ్ రేడియోలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏం కొనాలని అడిగితే, నేను ముందు యాంటెన్నా ఎనలైజర్ అంటాను. యాంటెన్నా కుదరకపోతే ఎంత ఖరీదైన సెట్టయినా దండగే. 7.1 మెగాహెర్ట్జ్ డైపోల్‌కి సుమారు 20 మీటర్ల తీగ కావాలని లెక్క చెబుతుంది. డాబా ఎత్తు, పక్కనున్న ఇనుప రెయిలింగు ఆ లెక్కను మార్చేస్తాయి. ఇంకెంత కత్తిరించాలో ఎనలైజర్ గీత చూస్తేనే తెలుస్తుంది.

ఎనలైజర్లలో ధర చూస్తే నానోవీఎన్ఏకి సాటి లేదు. అరచేతిలో ఇమిడిపోతుంది, ఎంతో నేర్పిస్తుంది. కానీ ఓపెన్, షార్ట్, లోడ్ ఒక్కొక్కటే బిగించి క్యాలిబ్రేట్ చేసుకోవాలి. ఫ్రీక్వెన్సీ పరిధి మారిస్తే మళ్లీ చేసుకోవడం మంచిది. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆ చిన్న తెర మీది గీత కనపడక చేయి అడ్డం పెట్టుకుంటాం. దాని సన్నని ఎస్ఎంఏ కనెక్టర్‌కు బరువైన కోయాక్స్ వేలాడదీయకూడదు, మధ్యలో పొట్టి కేబుల్ ఉండాలి. రిగ్‌ఎక్స్‌పర్ట్ ఎనలైజర్‌కు చాలా ఎక్కువ పెట్టాలి. అయితే బటన్లుంటాయి, మామూలు కోయాక్స్ నేరుగా బిగుస్తుంది.

ఏది కొన్నా, ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ నిష్పత్తి) ఒక్కటే చూసి మురిసిపోవద్దు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ కూడా 1:1 చూపిస్తుంది, దాంతో పక్క ఊరికి కూడా మాట చేరదు.

ఇంట్లో నేర్చుకునేవారికి నానోవీఎన్ఏ చాలు. తుపాను వేళ ఆరుబయట యాంటెన్నా కట్టాల్సిన క్లబ్బులు మాత్రం తలా కొంత వేసుకుని రిగ్‌ఎక్స్‌పర్ట్ లాంటి గట్టిది ఒకటి కొనుక్కోవడం మంచిది.