కోటలును సారాబట్టీలును

రాజులు కట్టించిన కోటలు రాజులతోడనే నశించునని అందఱును తలంతురు. కాని కొన్ని కోటలు నశింపక వేఱొక వృత్తిని అవలంబించును. కొన్ని చెఱసాలలైనవి. కొన్ని కచేరీలైనవి. ఐరోపాఖండమున బవేరియాదేశమందు కాల్టెన్‌బర్గు అను కోట యొకటి కలదు. 1292లో అచ్చటి ప్రభువు దానిని కట్టించెను. యుద్ధములలో పడియు లేచియు నిలిచిన ఆ కోట తుదకు బీరు తయారగు స్థలమయ్యెను. ఇందు వింత యేమియు లేదు. ఆ దేశపు బీరు చల్లని చోట చాలదినములు నిలువయుండి పక్వము కావలెను. మందమైన రాతిగోడలును, నేలమాళిగలును కోటకంటె ఎక్కువగా మఱెచ్చట దొరకును? శత్రువును ఆపుటకు కట్టిన గోడలే ఎండను ఆపుటకు పనికివచ్చినవి.

మొదట ఆ దేశములందు బీరు కాచుట ఇల్లాండ్ర పని. మనము దోసెపిండి పులియబెట్టునట్లు వారు యవలను నానబెట్టి, మొలకెత్తించి, కాచి, పులియబెట్టి ఇంటివారికి పోయుచుండిరి. దానివలన ధనము వచ్చునని తెలిసినపిమ్మట ఆ పని వంటయింటిని విడిచి మఠములకును, ప్రభువుల కోటలకును పోయెను. 1516లో బవేరియా ప్రభువులు యవలు, నీరు, హాప్స్ అను తీగపూవు తప్ప బీరులో మఱేమియు కలుపరాదని శాసించిరి. దానికి రెండేండ్లు ముందు, 1514లో, మన నెల్లూరిసీమలోని ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు చాలకాలము ముట్టడించి గజపతులనుండి గెలుచుకొనెను. అచ్చట ప్రభువులు పీపాలపై శాసనము చేయుచుండిన కాలమున ఇచ్చట మనవారు కొండకోటలకై పోరాడుచుండిరన్నమాట.

అట్టి కోట మన తెలుగునాట కలదా యని మాకు కుతూహలము కలిగినది. సరిగా అటువంటిది కాకున్నను దానికి దగ్గఱి చుట్టము సామర్లకోట. మా బిట్రగుంట మీదుగా బెజవాడకు పోవు రైలుమార్గమే మఱికొంతదూరము సాగి సామర్లకోటను చేరును. అచ్చటి కుమారారామ భీమేశ్వరస్వామి పంచారామములలో నొకరు. తూర్పుచాళుక్య రాజగు భీముడు 892 మొదలు 922 వఱకు ఏలినాడు. ఆలయమును ఆతడే నిర్మించెనని ప్రసిద్ధి. తెల్లని శివలింగము క్రింది అంతస్తునుండి మీది అంతస్తువఱకు పెరిగియున్నది. అభిషేకము చేయవలెనన్న మేడ యెక్కవలెను.

ఊరిపేరులోనే కోట యున్నది. కోట మాత్రము లేదు. 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఇంగ్లీషువారును, విజయనగరపు ఆనందగజపతిరాజును కలిసి ఫ్రెంచివారి నోడించిన దినములలో ఈ ప్రాంతమంతయు దండులతో నిండియుండెను. పిమ్మట కుంపిణీవారు సామర్లకోటలో సైనికులకు బారకులు కట్టించిరి. 1879లో రంపపితూరీ చెలరేగినపుడు పటాలములు మరల వచ్చి నిలిచినవి. తరువాత అవియు వెడలిపోయెను. 20వ శతాబ్దారంభమునకు ఆ యూర దక్కన్ షుగరు అండు అబ్కారీ కంపెనీవారి చక్కెర మరయు, దానితో సారాబట్టీయు నడచుచుండెను. కోటయు పటాలమును పోయిన యూర చక్కెరయు సారాయియు నిలిచినవి.

చక్కెర మరకును సారాబట్టీకిని పొత్తు ఎట్లు కుదిరినదో ఇల్లాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చెఱకురసము కాచి చక్కెర తీయగా నల్లని మడ్డి మిగులును. దానిని నీటితో కలిపి పులియబెట్టి, బానలలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినచో సారాయి యగును. పల్లెలలో బెల్లమును, తుమ్మపట్టను, ఇప్పపూవును పులియబెట్టి చేయు పనియు ఇదియే. భేదమెల్ల బాన పరిమాణమున నున్నది. దానికంటె ముఖ్యమైన భేదము పన్నులో నున్నది. 1886లో చెన్నరాజధానిలో అబ్కారీ చట్టము పుట్టినపిమ్మట సారాయి కాచుట, అమ్ముట సర్కారు అనుమతికి లోబడెను. త్రాగువాని దాహము ఖజానాకు ఆదాయమయ్యెను. రాజు కోటకట్టి పన్ను వసూలుచేయుట పాతకథ. సీసాయే కోటయైనది కొత్తకథ.

ఆ పన్నును కట్టినదెవరు? పురుషుడు చేతితో ఇచ్చినను, కట్టినది పొయ్యిమీది కుండయే. మా బిట్రగుంట రైలువారి యూరు. ఒకనాడు ఆవిరియంజనుల పొగతో కళకళలాడినది. జీతముల దినమున మగడు ఏ వీధిని పట్టి వచ్చునో యని గుమ్మమున నిలుచుండిన ఇల్లాండ్రను మేమెఱుగుదుము. పొగగొట్టపు కూత వినబడినంత స్పష్టముగా ఆ నిట్టూర్పు వినబడదు గాని, పొరుగింటివారికి అది తెలియకపోదు.

1980 తరువాత సర్కారువారి సారాయి పొట్లములుగ మారి వాడవాడకును వచ్చెను. నీళ్లు రాని పల్లెకు సైతము పొట్లము వచ్చెను. అప్పుడు మాకు పడమట, కలిగిరి ప్రాంతమందలి దూబగుంటలో రోశమ్మగారు మొదలగు స్త్రీలు కూడి తమ యూరి సారా అంగడిని మూయించిరి. వారి చేత నున్న ఆయుధములు చీపురుకట్టలును, కారపుపొడియును. వానికంటె బలమైన ఆయుధము మఱొకటి కలదు. అప్పుడు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచుండెను. పగలు కూలిచేసిన స్త్రీలు రాత్రి పలకపట్టి కూర్చుండిరి. దూబగుంట కథయే “ఆడవాళ్ళు ఏకమైతే” అను పాఠమై వారి వాచకములోనికి వచ్చెను. ఒక యూరివారు చేసినదానిని నూఱు ఊళ్లవారు తమ నోటితో చదివిరి. 1992లో సారా వేలముపాటలు నెల్లూరిలో మరలమరల వాయిదాపడినవి. 1993 ఏప్రిలులో ఈ జిల్లాయందును, అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16వ తేదీన సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

1997లో ఆ సంపూర్ణనిషేధము సడలింపబడెను; సీసాలు మరల అంగళ్లకెక్కెను. కనుక ఆ స్త్రీలు ఓడిరందుమా? ఉదయగిరి రాయలకు లొంగినపిమ్మట ఎన్ని చేతులు మారలేదు! కోట చేజిక్కుట ఒక పని, దానిని నిలుపుకొనుట మఱొక పని. సారాయిపై నిషేధమును మాత్రము ఎత్తివేయుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. పలకపట్టిన స్త్రీ మరల పలకను క్రింద పెట్టలేదు.

సోదరీమణులారా, సామర్లకోటకు పోయినపుడు భీమేశ్వరుని సేవించి, పేరున మాత్రము మిగిలిన ఆ కోటను ఒకసారి తలంపుడు. ఉదయగిరికి పోవువారు దారిలో దూబగుంట యెచ్చటనో అడిగి తెలిసికొనుడు. మన పిల్లలకు కోటల కథలు చెప్పునపుడు రాయల ముట్టడితోపాటు ఈ ముట్టడినిగూడ చెప్పుట మన విధి. మొదటిదానిని శాసనములు చెప్పుచునే యున్నవి. రెండవదానిని మనము చెప్పకున్న మఱెవరు చెప్పుదురు?