ఓడ ఎవరి కోసం ఆగుతుంది?

మా ఇటిక్యాల కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఊరు. నా చిన్నతనంలో కృష్ణ అవతలి ఊళ్ళకు చుట్టరికానికి పోవాలంటే పుట్టి ఎక్కేవాళ్ళం. వెదురు దబ్బలతో అల్లి, అడుగున తోలు కట్టిన గుండ్రటి బుట్ట అది. అందులో ఎక్కేవాళ్ళకు నియమాలు నాలుగే: నిలబడరాదు, అంచు మీద కూర్చోరాదు, బరువంతా ఒక పక్కకు చేర్చరాదు, తెడ్డు వేసే బెస్తాయన చెప్పేదాకా కదలరాదు. ఊళ్ళో ఎవరి ఇంటి ముందు చెప్పులతో నడవటానికి జనం జంకేవారో ఆ పటేలు సైతం పుట్టిలో మోకాళ్ళు ముడుచుకొని కూర్చునేవాడు. బెస్తాయన "దొరా, జర ఇటు జరుగు" అంటే మారు మాట లేకుండా జరిగేవాడు. నియమమంటే ఏమిటో నాకు మొదట తెలిసింది అక్కడే. చాలా ఏళ్ళకు, భూగోళానికి అవతలి పక్కన, మేడ మీద మేడ కట్టినట్లున్న ఒక ఓడలో ఆ పుట్టి మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. ఆ సంగతి చెప్పటానికే ఇది రాస్తున్నాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. ఉపాధ్యాయ సంఘంలో తిరిగినవాణ్ణి. నా కూతురు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నది. రెండేళ్ళ కిందట మేము అక్కడికి వెళ్ళినప్పుడు, "నాయినా, అమ్మకు సముద్రం చూపిద్దాం" అని, ఫ్లోరిడా నుంచి కరీబియన్ దీవులకు పోయే విహార నౌకలో మా ఇద్దరికీ టికెట్లు కొన్నది. విహార నౌక అనే మాటే నాకు గిట్టలేదు. ఐనా మా ఇంటామె ముఖంలో సంబరం చూసి ఊరుకున్నాను. ఇది నా మొదటి రాజీ. ముందే ఒప్పుకోవటం మంచిది.

ఓడ ఎక్కకముందే కూతురు మాకు నియమాల పట్టీ చదివి వినిపించింది. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, పైకం అదే, రేవులో దిగి మళ్ళీ ఎక్కటానికి గుర్తు అదే. కొన్ని రాత్రులు పెద్ద భోజనశాలకు మంచి దుస్తులు వేసుకొని రావాలి. ఈతకొలను పక్కనున్న కుర్చీ మీద తువ్వాలు పరచి గంటల తరబడి మాయం కారాదు. ఓడలోని పండ్లు దీవిలోకి పట్టుకుపోరాదు. సైనికులు తొడిగే ఆకుపచ్చ మచ్చల బట్టలు జమైకాలో మామూలు మనుషులు తొడిగితే నేరం. ఒడ్డు చూడటానికి దిగినవాళ్ళు చెప్పిన వేళకు తిరిగి రావాలి. రాకపోతే ఓడ ఆగదు.

"బడిపిల్లలకు కూడా మేమిన్ని చెప్పలేదమ్మా" అని నవ్వాను. ఆ నవ్వు తొందరపాటని మొదటి రోజే తెలిసింది.

ఓడ కదలకముందు ప్రతి ప్రయాణికుడూ ఆపద వేళ తాను చేరవలసిన చోటు ఎక్కడో వెళ్ళి చూసి, అక్కడున్న ఉద్యోగికి కార్డు చూపి రావాలి. ఏడు పొట్టి కూతలు, వెంట ఒక పొడుగు కూత వినిపిస్తే అందరూ అక్కడికి చేరాలి. ప్రాణరక్షణ చొక్కా తొడగటం చూపిస్తారు. సముద్రం వైపు వరండా ఉన్న గది కొన్న ధనికుడికీ, కిటికీ లేని లోపలి గదిలో ఉన్న మాకూ ఈ విషయంలో తేడా లేదు. రానివాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు.

ఈ నియమం ఎవరి బుద్ధిలోనో ఊరికే పుట్టలేదు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందరికీ చాలినన్ని పడవలు లేవు. మొదటి తరగతి స్త్రీలు దాదాపు అందరూ బతికారు. మూడవ తరగతి పిల్లలలో ఎక్కువమంది పోయారు. ఆ చావుల తరువాతనే 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు తొలి అంతర్జాతీయ ఒప్పందం రాశారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక రాతికి తగిలి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలాది మందికి అభ్యాసం ఇంకా జరగనే లేదు. ఆ తరువాతనే, ఓడ కదలకముందో కదిలిన వెంటనో అభ్యాసం జరగాలని నిబంధన మార్చారు. అంటే ప్రతి మంచి నియమం వెనుకా మునిగిపోయిన మనుషులున్నారు.

ఇంతదూరం పోనక్కరలేదు. 2007 జనవరిలో మా కృష్ణలోనే, శ్రీశైలం జలాశయపు వెనుకనీళ్ళలో, కర్నూలు జిల్లా నెహ్రూనగర్ వైపు నుంచి కొల్లాపురం దగ్గరి సింగోటం జాతరకు బయలుదేరిన పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళకు ఏడు కూతలు ఎవరు నేర్పారు? ప్రాణరక్షణ చొక్కా ఎవరు తొడిగించారు? విహారానికి పోయే ధనికుడికి తప్పనిసరి ఐన నియమం, మొక్కు తీర్చుకోవటానికి పోయే రైతుకూలీకి అందలేదు. కనుక, నియమాలను వెక్కిరించటమే అభ్యుదయమనుకునే మిత్రులతో నేను ఏకీభవించను. మన పేదవాళ్ళకు నియమాలు ఎక్కువై బాధ లేదు, తక్కువై బాధ.

ఐతే ఓడలో రెండవ రకం నియమాలున్నాయి. వాటి పేరు మర్యాద. నేను దెబ్బ తిన్నది అక్కడ.

ప్రయాణికుడి ఖాతాలో మనిషికి రోజుకు ఇన్ని డాలర్లని సేవారుసుము కలుపుతారు. గది ఊడ్చేవాళ్ళకూ, వడ్డించేవాళ్ళకూ పంచవలసిన బక్షీసు అది. ఇష్టం లేనివాళ్ళు కౌంటరు దగ్గర చెప్పి తీసివేయించుకోవచ్చు. నాకు ఒళ్ళు మండింది. పనివాడికి కూలి ఇవ్వవలసింది యజమాని. కూలిని దయగా మార్చి ప్రయాణికుడి చేత ఇప్పించటం భూస్వామ్యపు అలవాటు. ఇట్లా తర్కించుకొని, రెండవ రోజే వెళ్ళి ఆ రుసుము తీసివేయించాను. కౌంటరులోని అమ్మాయి చిరునవ్వుతో సరేనన్నది. సిద్ధాంతం గెలిచిందనుకున్నాను. మా ఖర్చు కూడా తగ్గిందన్న సంగతి మనసులో మూలన ఉన్నదేమో, అప్పుడు వెతకలేదు.

మా గది చూసే యువకుడి రొమ్ము మీద బిళ్ళపై పేరు కింద ఇండియా అని ఉంది. మూడవ రోజు పొద్దున మా ఇంటామె నాతో తెలుగులో ఏదో అంటుంటే, దుప్పటి మడతపెడుతున్న అతను తల ఎత్తాడు.

"మీరు తెలుగోళ్ళా అమ్మా? మాది బొంబాయి. మా ముత్తాత పాలమూరు దిక్కుకెల్లి ఇండ్లు కట్టే పనికి వచ్చిండంట. ఇంట్ల తెలుగే మాట్లాడ్తం. ఊరి పేరు మాత్రం ఎవ్వరికి తెల్వదు."

బొంబాయిలో కామాటిపురా పేరే తెలంగాణ నుంచి పోయిన కామాటీల వల్ల వచ్చింది. మా పక్క వలసపోవటాన్ని దేశం పోవటమంటారు. ఒక తరం దేశం పోయి బొంబాయిని కట్టింది. ఆ తరపు మునిమనుమడు మరీ దూరం పోయి నా దుప్పటి మడతపెడుతున్నాడు. ఎనిమిది నెలల ఒప్పందం. అన్ని రోజులూ పనే, వారానికొక సెలవు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన నావికుల ఒప్పందంలో పనిగంటల గరిష్ఠ పరిమితి రోజుకు 14, వారానికి 72 అని ఉంది. ఎనిమిది గంటల పనిదినం కోసం చికాగో కార్మికులు 1886లో సమ్మె కట్టారని ప్రతి మేడే నాడు పిల్లలకు చెప్పినవాణ్ణి నేను. ఓడల యజమానులు అమెరికాలో ఉంటారు, ఓడ మీద బహామాస్‌దో పనామాదో జెండా ఎగురుతుంది, చాకిరీ చేసేవాడు బొంబాయి నుంచో మనీలా నుంచో వస్తాడు. జెండా మార్చుకుంటే యజమాని సొంత దేశపు కార్మిక చట్టం ఓడ మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

నేను చేసిన పని కొంత గర్వంగానే అతనికి చెప్పాను. అతను కాసేపు ఊరుకున్నాడు.

"మీరన్నది న్యాయమే సార్. కంపెనీ జీతం పెంచాలె. కాని మీరు తీసేపిచ్చిన పైకం కంపెనీకి తగ్గదు. మాకు తగ్గుతది."

అతను కోపంగా అనలేదు, వేడుకోనూ లేదు. లెక్క చెప్పాడు. మా ఊళ్ళో కళ్ళంలో వడ్రంగికీ చాకలికీ మంగలికీ రైతు ధాన్యపు మేర కొలిచేవాడు. మేర పద్ధతి మంచిది కాదని మేము ఎన్నో సభలలో చెప్పాం. కాని, అది భూస్వామ్యపు ఆచారమని చెప్పి, మరొక కూలి ఏదీ ఇవ్వకుండా గంప ఖాళీగా పంపిన రైతును ఏమనాలి? సిద్ధాంతం నాది, దానికి చెల్లించిన మూల్యం అతనిది. ఆ మధ్యాహ్నమే వెళ్ళి రుసుము తిరిగి కలిపించాను. కౌంటరులోని అమ్మాయి అదే చిరునవ్వుతో సరేనన్నది.

నాలుగవ రోజు ఓడ జమైకా ఉత్తర తీరాన ఫాల్మత్ రేవులో ఆగింది. ఒడ్డు చూడటంలోనూ రెండు అంతస్తులున్నాయి. ఓడ వాళ్ళే నడిపే యాత్రలో పోయినవాళ్ళకు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగేవాళ్ళకు ఆగదు. మేము పొద్దున ఓడవాళ్ళ బస్సులో ఒక పాత చెరుకు తోట బంగళా చూడటానికి వెళ్ళాం. బల్లలు, అద్దాలు, పింగాణీ పాత్రలు చూపించారు. చెరుకు నరికినవాళ్ళ సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది. కాని ఆ పడమటి జమైకాలోనే 1831 క్రిస్మస్ నాడు శామ్ షార్ప్ నాయకత్వాన వేలమంది బానిసలు పని ఆపి తిరగబడ్డారు. 1832 మే నెలలో అతన్ని ఉరితీశారు. 1838లో బానిసలకు పూర్తి విముక్తి వచ్చింది. విముక్తులు బేరమాడి కూలి అడుగుతారు గనక తోటల యజమానులకు వేరే చేతులు కావలసివచ్చాయి. 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడ మన దేశపు ఒప్పందకూలీల తొలి గుంపును ఓల్డ్ హార్బర్ దగ్గర దించింది. ఇరవయ్యో శతాబ్ది రెండవ దశకం దాకా జమైకాకు వచ్చినవాళ్ళు సుమారు 36,000 మంది. గయానా మొదలైన చోట్లకు మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఆ ఓడలకూ నియమాలున్నాయి. ఒంటరి మగవాళ్ళు ముందు భాగాన, కుటుంబాలు నడుమ, ఒంటరి ఆడవాళ్ళు వెనుక ఉండాలి. ఓడ వైద్యుడికి ప్రాణంతో ఒడ్డుకు చేరిన తలకు ఇంత అని ముట్టేది. మనిషి బతకాలన్నది అక్కడ కూడా నియమమే. ఐతే సరుకు చెడకుండా చేరాలన్నట్లు.

మధ్యాహ్నం మేమిద్దరం సొంతంగా ఊళ్ళోకి నడిచాం. అంగట్లో ఒక ముసలామె ఎర్ర గళ్ళ తలగుడ్డ కట్టుకొని కూరగాయలు అమ్ముతున్నది. గద్వాల మగ్గాల చప్పుడు విని పెరిగినవాళ్ళకు గళ్ళ గుడ్డ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అడిగితే, అది మా జమైకా బండానా అన్నది. అది మద్రాసు రుమాలు వంశం. మన చీరాల ప్రాంతపు నేతగాళ్ళు నేసి ఎగుమతి చేసిన జాతి. మనుషుల కంటే ముందు మన గుడ్డ ఆ దీవులకు చేరింది. మేకమాంసపు కూర కూడా మీ దేశపుదే అంటారు, మా పెళ్ళిళ్ళకు అది లేకుండా జరగదు అని ఆమె నవ్వింది. వాళ్ళ పెళ్ళి వంటలో మిగిలిన మసాలా, తలకు చుట్టిన గుడ్డ. ఆ కూలీల భాషా, ఊళ్ళ పేర్లూ చాలావరకు పోయాయి.

మాటల్లో వేళ దాటింది. పరుగెత్తాం. ఆలస్యంగా పరుగెత్తే ప్రయాణికులను చూసి ఓడ పై అంతస్తుల నుంచి చప్పట్లు కొట్టటం వాళ్ళకొక వినోదం. మాకూ కొట్టారు. ఆఖరు నిమిషంలో ఎక్కాం. రొప్పుతూ మెట్ల మీద నిలబడి, తిరుగు ప్రయాణపు హక్కు కాగితం మీద ఉండి కూడా ఇంటి ఓడ ఎక్కని వాళ్ళను తలచుకున్నాను.

ఆ రాత్రి మా బొంబాయి యువకుడు 2020 సంగతి చెప్పాడు. కరోనా వచ్చినప్పుడు ప్రయాణికులను ముందు దింపి ఇళ్ళకు పంపారు. ఓడ పనివాళ్ళు వేలమంది నెలల తరబడి నీళ్ళ మీదనే ఉండిపోయారు. "మూడు నెలలు ఒడ్డు కనవడ్తనే ఉండె సార్. దిగనియ్యలే." ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో మా ఎర్రవల్లి చౌరస్తా దగ్గర జాతీయ రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకొని నడిచిపోయే కూలీలకు మేము మజ్జిగ పోశాం. వాళ్ళకూ ఊరు ఉంది, దారి కనిపిస్తూనే ఉంది. బస్సు ఆగలేదు, రైలు కదలలేదు.

ఇంటికి తిరిగివచ్చాక ఒక పని మొదలుపెట్టాం. దసరా దాటితే మా పక్క కూలీలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని గుంపులుగా దేశం పోతారు. 1979లో పార్లమెంటు చేసిన అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టం, గుత్తేదారుకు లైసెన్సు ఉండాలనీ, కూలీల పేర్లు నమోదు కావాలనీ, ప్రయాణ భత్యం ఇవ్వాలనీ రాసింది. నాలుగు దశాబ్దాలలో మా చౌరస్తాలో ఆ నమోదు పుస్తకం నా కంట పడలేదు. ఇప్పుడు నేనూ, ఇద్దరు టీచర్లూ, డిగ్రీ చదివే నలుగురు పిల్లలూ బస్సుల దగ్గర నోటుబుక్కు పట్టుకొని కూర్చుంటున్నాం. పేరు, ఊరు, మేస్త్రీ పేరు, పోయే చోటు, తీసుకున్న అడ్వాన్సు, ఇంటి ఫోను నంబరు. అంతే.

మొదటి రోజు ఒక మేస్త్రీ, "ఎందుకు పంతులూ, బస్సు లేటయితది" అన్నాడు. ఆ గుంపులో చంకన పిల్లనెత్తుకున్న ఒకామె మెట్టు మీద ఆగి, "ఆగనియ్యి. నా పేరు రాయనియ్యి" అన్నది.

డ్రైవరు ఇంజను ఆపాడు. ముప్ఫై ఒక్క పేర్లు రాసేదాకా బస్సు ఆగింది.